హార్లెఖ్ కోటలోని ఇల్లాండ్రు

కోటలను చూడబోవుట మగవారికి తగిన వేడుక యనియు, అందు మనకు చూడదగినది స్వల్పమనియు నేను చిరకాలము తలంచియుంటిని. కోట యనగా బురుజులు, ఫిరంగులు, ముట్టడులు, ఎవరు గెలిచిరి, ఎవరోడిరి, అంతటితో సరి. ఈ మాసమున నేను వ్రాయబోవు కోటను చూచిన పిమ్మట ఆ తలంపు మారినది. అది మన దేశములోనిది కాదు. ఇంగ్లండునకు పడమట, ఐర్లండునకు ఎదురుగా, కొండలతో నిండిన వేల్సు అను చిన్న దేశము కలదు. ఆ దేశపు పడమటి తీరమున హార్లెఖ్ అను నూరున్నది. వేసవిలో సముద్రస్నానములకును, ఇసుకతిన్నెలమీద పిల్లల నాడించుకొనుటకును కుటుంబములు వచ్చి విడిసెడి చోటు. ఆ ఊరియంచున, సుమారు 200 అడుగుల ఎత్తుగల బండమీద, ఏడువందల యేండ్లు దాటిన రాతికోట నిలిచియున్నది.

మా అన్నగారి కుమార్తె బర్మింగుహాము పట్టణమున నొక ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నది. ఆమెయు, ఆమె ఆరేండ్ల కూతురును, నేనును, మువ్వురము ఒకనాటి యుదయము రైలెక్కితిమి. మధ్యదారిలో మఖన్‌లెథ్ అను స్టేషనున బండి రెండుగా విడిపోవును. సగము పెట్టెలొక దారిని, తక్కిన సగము మరియొక దారిని పోవును గనుక ఏ పెట్టెలో కూర్చుంటిమో ముందే చూచుకొనవలెను. మేము చూచుకొనలేదు. గార్డు వచ్చి చెప్పగా పులిహోర డబ్బాలను, గొడుగులను, పిల్లను చంకబెట్టుకొని ప్లాటుఫారముమీద పరుగెత్తితిమి. అటుపిమ్మట దారి కడు రమణీయము. రైలు సముద్రమును విడువదు. బార్మత్ అను ఊరివద్ద నదీముఖముమీద 1867 నాటి పొడవైన కొయ్యవంతెన మీదుగా పోవునపుడు క్రింద నీరు, ఎదుట సముద్రము, కుడివైపున నీలికొండలు. ఆ సంవత్సరముననే హార్లెఖ్‌నకును రైలు వచ్చినది. విహారము కోరి వచ్చువారికి దారి సుగమమైనది.

మా యెదుటి బల్లమీద నొక తల్లియు, బిడ్డయు కూర్చుండి మెల్లగా మాటలాడుకొనుచుండిరి. ఆ మాట ఇంగ్లీషు కాదు. మా చిన్నది చెవియొగ్గి విని, "అమ్మమ్మా, మనము ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నట్టు, వీళ్లది ఇంటిభాషా?" అని యడిగినది. అది వెల్షుభాష. స్టేషను పలకలమీద కూడ ఆ భాషయే ముందు వ్రాసియుండును. హార్లెఖ్ అను పేరులోని కడపటి యక్షరము గొంతు లోపలినుండి ఊపిరితో పలుకవలెనట. పిల్లకు వెంటనే వచ్చినది. నాకు రాలేదు.

స్టేషనులో దిగి తలయెత్తి చూడగా కోట మన నెత్తిమీద నున్నట్లే యుండును. దాని ప్రక్కనుండి ఊరిలోనికి పోవు నొక వీధి, లోకములోకెల్ల నిటారైనదని 2019లో గిన్నిసు పుస్తకమున కెక్కినది. మరుసటి యేటనే న్యూజీలండులోని యొక వీధి ఆ బిరుదును తిరిగి తీసికొన్నది. బిరుదు పోయినను వీధి చదును కాలేదు గదా! నా మోకాళ్లు ఒప్పుకొనలేదు. ఒక టాక్సీలో చుట్టుదారిని పైకి పోయితిమి.

కోట కథను క్లుప్తముగా చెప్పెదను. ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డు వేల్సును జయించి, ఆ దేశీయులు మరల తలయెత్తకుండ తీరమువెంట కోటలను కట్టించెను. హార్లెఖ్ 1283లో మొదలుపెట్టబడి 1289 నాటికి పూర్తియైనది. సవాయి దేశమునుండి వచ్చిన సెయింట్ జార్జి జేమ్సు అను శిల్పాచార్యుడు దీని నిర్మాత. కట్టిన పిదప కొంతకాలము అతడే ఈ కోటకు అధిపతిగా నుండెను. 1286 వేసవిలో ఇచట పనిచేసినవారి లెక్క యున్నది. రాతిపనివారు 227, రాయి తీయువారు 115, కమ్మరులు 30, వడ్రంగులు 22, కూలివారు 546. మొత్తము ఖర్చు సుమారు 8,190 పౌనులు. ఆ దినములలో నది పెద్ద ధనము. "ఇంతమందికి వండిపెట్టినదెవరో?" అని నేననగా నా మేనకోడలు నవ్వి, "అత్తా, నీవెక్కడికి వెళ్లినా వంటింటి దగ్గరికే వస్తావు" అన్నది. నవ్విన నవ్వుగాక! ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

ఇప్పుడు లోపలికి పోవుటకు 2015లో కట్టిన వంపు వంతెన కలదు. తేలియున్నట్లు కనబడు ఆ వంతెనమీద చక్రపుకుర్చీలలోని వృద్ధులు గూడ సులభముగా పోగలరు. ఎదుట జంటబురుజుల ద్వారమందిరము. కోటకెల్ల నదియే బలమైన భాగము; అధిపతి కుటుంబము నివసించునదియు నందే. కొయ్యతో చేసిన అంతస్తులు ఏనాడో పోయినవి. కావున గోడలోని పొయ్యిగూళ్లు ఒకదానిపై నొకటి ఆకాశమున వ్రేలాడుచున్నట్లుండును. వాని నంటుకొని నిలువబడుటకు నేల లేదు. ప్రొద్దున నెవరో ఆ పొయ్యిలో నిప్పురాజేసి, బిడ్డ చేతులు కాచియుందురుగదా యని తోచును. లోపలి ముంగిటిలో పడమటి గోడ ననుసరించి భోజనశాలయు, దాని చెంత వంటశాలయు నుండెను. ఉత్తరమున రొట్టెలు కాల్చు గదియు, ప్రార్థనామందిరమును ఉండెను. ఇప్పు డంతయు మోకాలెత్తు గోడలు, పచ్చగడ్డి. మరియొక ప్రక్క, ఓడిపోయిన వెల్షు రాజకుమారుని కొయ్యమందిర మొకదానిని విప్పితెచ్చి ఇచట నిలిపిరట. గెలిచినవాడు ఇల్లుగూడ మోసికొనిపోవు నన్నమాట.

కోట పడమటి ప్రక్కనుండి బండ నంటుకొని 108 మెట్లు క్రిందికి దిగుచున్నవి. ఆ కాలమున సముద్రము బండపాదము దగ్గరకే వచ్చెడిది. 1294లో వెల్షువారు తిరుగబడి ముట్టడించినప్పుడు ఐర్లండునుండి ఓడలలో వచ్చిన ధాన్యమే లోపలివారి ప్రాణములు నిలిపినది. ఇప్పుడు సముద్రము అర మైలునకు పైగా వెనుకకు పోయి, ఆ మధ్య ఇసుకదిబ్బలు, పచ్చికబయళ్లు, గోల్ఫు మైదానము ఏర్పడినవి. ఓడలు కట్టివేయు రేవున నిప్పుడు రైలు ఆగుచున్నది. గోడపైనుండి చూడగా ఒక వంక స్నోడను కొండ, వేరొక వంక అఖాతమున కావల క్రికియెత్ అను మరియొక ఊరిలోని కోట, క్రింద ఇసుకలో చుక్కలవలె పిల్లలు. గాలి మాత్రము చీరెకట్టినవారిని మన్నింపదు. కోటు బొత్తాములు గట్టిగా పెట్టుకొని పోవలెను.

హార్లెఖ్ అనగానే ఆ దేశపువారికి ఒక పాట గుర్తుకు వచ్చును. "హార్లెఖ్ వీరులు" అని దాని పేరు. ఇంగ్లండు సింహాసనమునకై రెండు రాజశాఖలవారు పోరాడుకొన్న దినములలో 1461 మొదలు 1468 వరకు ఏడేండ్లు ఈ కోట లొంగలేదు. ఆ వీరులను గూర్చినదే ఆ పాట యని వాడుక. పటాలములవారు దానిని వాయించుచు నడతురు. కోటలో తిరుగుచుండగా ఒక పెద్దమనిషి తన మనుమలకు దానిని హుషారుగా పాడి వినిపించుచుండెను. మేమును నిలిచి వింటిమి. పాట బాగున్నది. ఐనను ఆ ఏడేండ్లకు ముందు 1460లో, నార్తాంప్టన్ యుద్ధమున భర్తయగు ఆరవ హెన్రీ పగవారికి చిక్కగా, మార్గరెట్ రాణి ఆరేండ్ల కొడుకును వెంటబెట్టుకొని, దారిలో సొమ్ములన్నియు దోపిడియై, ఈ కోటకే వచ్చి తలదాచుకొన్నది. ఆరేండ్ల పిల్లవాడు! మా చిన్నది ఆ మెట్లు రెండుమార్లెక్కి దిగి కాళ్లు నొప్పియని ఏడ్చుచున్నది.

కోట బయట నొక పెద్ద కంచువిగ్రహ మున్నది. ఐవర్ రాబర్ట్సు జోన్సు అను శిల్పి 1984లో చేసినది. గుఱ్ఱముమీద నొక మహాకాయుడు, అతని యెదుట వాలిపోయిన బాలుని శవము. పేరు "ఇరువురు రాజులు". దాని కథ వెల్షువారి ప్రాచీన గాథలలోనిది. బ్రాన్ అను రాజు ఇదే హార్లెఖ్ బండమీద కూర్చుండి సముద్రమును చూచుచుండగా ఐర్లండునుండి పదుమూడు ఓడలు వచ్చుట కనబడెను. ఐర్లండు రాజు, బ్రాన్ చెల్లెలగు బ్రాన్వెన్‌ను కోరి వచ్చినాడు. వివాహము జరిగినది. కాని సవతి సోదరు డొకడు, తన్నడుగక పిల్లనిచ్చిరను కోపముతో పెండ్లివారి గుఱ్ఱములను వికలాంగములుగా జేసెను. ఆ అవమానమునకు పరిహార మిచ్చిరి, పెండ్లివా రూరుకొనిరి. అత్తవారింట మొదటి యేడు గౌరవముగనే గడచినది, కొడుకును పుట్టినాడు. పిమ్మట ఆ పాతమాట మరల లేచినది. చేసినవాడు సోదరుడు, పడినది ఆడపిల్ల. రాణిని వంటయింటికి దింపిరి. ప్రతిదినమును కటికవాడు వచ్చి చెంపదెబ్బ కొట్టుట యని నియమ మేర్పరచిరి. పుట్టింటికి వార్త పోకుండ ఓడలను నిలిపివేసిరి.

మూడేండ్లు ఆమె ఏమి చేసినదో వినుడు. పిండి పిసుకు తొట్టి యంచున, మన గోరువంక జాతికి చెందిన యొక చిన్న పక్షిని సాకినది. దానికి మాటలు నేర్పినది. అన్న యెట్లుండునో గుర్తులు చెప్పినది. రెక్కక్రింద ఉత్తరము కట్టి విడిచినది. పక్షి సముద్రము దాటి అన్నను కనుగొన్నది. బ్రాన్ సేనతో వచ్చెను, యుద్ధము జరిగెను, ఆ సవతి సోదరుడే మేనల్లుని మంటలో త్రోసెను, బ్రాన్ పక్షమున మిగిలినవారు ఏడుగురు. బ్రాన్వెన్ స్వదేశమునకు తిరిగివచ్చి, రెండు దీవులును తన మూలమున నాశమయ్యెనే యని గుండెపగిలి చనిపోయినది. కథ మొత్తము ఆమెది. విగ్రహములో మాత్రము మేనమామయు, మేనల్లుడును ఉన్నారు; తల్లి లేదు. శిల్పమును నిందించుటలేదు, చూచినవారి మనస్సు కరగును. నేను విగ్రహముచుట్టు ఒకమారు తిరిగి చూచితినని మాత్రము చెప్పుచున్నాను.

ఇక గాథ కాదు, చరిత్ర. 1400 సెప్టెంబరులో ఓవైన్ గ్లిన్‌డూర్ అను వెల్షు ప్రభువు ఇంగ్లండు రాజగు నాల్గవ హెన్రీపై తిరుగబడి తానే వేల్సు రాకుమారుడ ననెను. అతని భార్య పేరు మార్గెద్. ఒక న్యాయాధిపతి కూతురు. వారి ఇల్లు సిఖార్థ్ అను చోట నుండెను. యోలో గోఖ్ అను కవి ఆ యింటిని వర్ణించియున్నాడు. పెంకుటికప్పు, పొగగొట్టము, పండ్లతోట, చేపలచెరువు, పావురముల గూడు చెప్పి, ఇల్లాలి మంచితనమును గూడ మెచ్చుకొన్నాడు. 1403లో శత్రుసేన వచ్చి ఆ యింటిని కాల్చివేసినది. మరుసటి యేట ఓవైన్ హార్లెఖ్‌ను పట్టుకొని కుటుంబము నిచటకు తెచ్చెను. ఆ పావురములగూటి యిల్లాలు ఈ నల్లరాతిగోడలలోనికి వచ్చినది. 1405 ఆగస్టులో ఓవైన్ ఇచటనే మహాసభను జరిపినాడు. నేను మోకాలెత్తు గోడల నడుమ నిలిచి ఆ సభకు విందు ఎవరు చూచియుందురో యనుకొంటిని. ఈమారు పైకి అనలేదు.

వారి కుమార్తె కాట్రిన్. 1402లో ఓవైన్‌నకు యుద్ధమున బందీగా చిక్కిన ఎడ్మండ్ మోర్టిమర్ అను ఇంగ్లీషు ప్రభువును, అతని రాజు ధనమిచ్చి విడిపింపనందున, ఆ యేటి చివర ఆమెకిచ్చి పెండ్లిచేసిరి. ఒక కొడుకు, ముగ్గురు కూతుండ్రు కలిగిరి. 1408లో ఇంగ్లీషు సేన కోటను చుట్టుకొన్నది. ఫిరంగులతో కొట్టినది. వానిలో నొకదాని పేరు "రాజు కూతురు"; అది కాల్చుచుండగనే పగిలిపోయినదట. చలికాలము గడచినది. లోపల ధాన్యము తరిగినది. మోర్టిమర్ ముట్టడిలోనే చనిపోయినాడు. 1409 తొలిభాగమున కోట పడినది. ఓవైన్ చిక్కలేదు; కొండలలో తిరుగుచుండెను. చిక్కినవారు మార్గెద్, ఆమె కూతుండ్రిరువురు, కాట్రిన్ బిడ్డలు. వారిని లండను గోపురదుర్గమునకు కొనిపోయి బంధించిరి. చిన్నపిల్లలవలన రాజునకేమి భయమని తోచవచ్చును. మోర్టిమరు వంశమువారికి రాజవంశపు పెద్దశాఖతో రక్తసంబంధ ముండెను. ఆ పసిపిల్లల నరములలోని నెత్తురునకు సింహాసనము జడిసినది.

1413లో రాజభాండాగారపు లెక్కలలో నొక పద్దు కనబడును. ఎడ్మండ్ మోర్టిమరు భార్యయు, ఆమె కూతుండ్రును లండనులో సెయింట్ స్విథిన్ గుడియందు పూడ్చబడిరి. ఆ ఖర్చులకు ఒక పౌను. ఏ రోగమో, ఏ బాధయో అందు లేదు. ఆమె పేరు లేదు, బిడ్డల పేర్లు అసలే లేవు. వృద్ధురాలగు మార్గెద్ ఏమైనదో, ఆ పద్దుగూడ లేదు.

కాట్రిన్ మనకు మరియొకచోట కనబడును. షేక్‌స్పియరు మహాకవి రచించిన నాల్గవ హెన్రీ నాటకపు మొదటి భాగములో ఆమె పాత్ర యున్నది. భర్తకు ఆమె భాష రాదు, ఆమెకు భర్త భాష రాదు. తండ్రి నడుమ నుండి తెలియజెప్పుచుండును. ఆమె రంగమున మాటలాడును, పాటయు పాడును. కాని నాటకమును తెరచి చూచినచో ఆమె వెల్షులో మాటలాడినదనియు, వెల్షుపాట పాడినదనియు సూచన మాత్రమే యున్నది. ఒక్క పలుకైనను వ్రాయబడలేదు. రైలులో ఆ తల్లి బిడ్డతో మాటలాడిన భాష అదే. నేను ఇది చెప్పగా మా చిన్నది, "మరి ఆవిడ ఏమంది?" అని మాటిమాటికి అడిగినది.

లండనునకు వచ్చిన మూడవనాడు ఆ గుడి యున్నచోటు చూడబోయితిమి. గుడి లేదు. రెండవ మహాయుద్ధపు బాంబులకు దెబ్బతిన్న పిదప 1962లో దానిని పడగొట్టిరి. కానన్ వీధి స్టేషనునకు ఎదుటి సందులో, ఎత్తైన కచేరీ భవనముల నడుమ, చిన్న తోట మాత్రము మిగిలినది. అందు వేల్సునుండి తెచ్చిన నీలిరాతితో మలచిన స్మారకము 2001లో నిలిపిరి. కాట్రిన్ పేరు దానిమీద నున్నది. మెన్నా ఎల్విన్ అను వెల్షు కవయిత్రి పద్యమొకటి ఆమె భాషలోనే చెక్కబడినది. యుద్ధములలో బాధపడిన స్త్రీలకును, బిడ్డలకును అది గుర్తు. ఉద్యోగస్థులు బల్లలమీద కూర్చుండి మధ్యాహ్నపు రొట్టె తినుచుండిరి. మేమును ఒక బల్లమీద కూర్చుంటిమి. నా మేనకోడలు పద్యమును చదువజూచి, రాక, చేతితో అక్షరములను తడవి చూచినది.

ఆ రాత్రి నాకొక సంగతి జ్ఞాపకము వచ్చినది. మా పుట్టింట చట్రము కట్టిన వంశవృక్షము కలదు. మా తాతగారు చేవ్రాతతో వ్రాసినది. ఏడుతరములు, కొమ్మకొమ్మకు మగవారి పేర్లు. మా తాతగారి తల్లి పేరు నాకు తెలియదని మొదటిసారి తోచినది. మా అన్నగారి నడిగితిని, ఆయనకు తెలియదు. కాకినాడలో నున్న మా పెద్దక్కకు ఫోను చేసితిని. అక్కకు ఎనుబది యేండ్లు. చాలసేపు ఆలోచించి తాతగారి తల్లి పేరు వెంకటరత్నమ్మ యనియు, ఆమె చింతకాయపచ్చడి ఊరంతటికి ప్రసిద్ధియనియు చెప్పినది. "ఆమె అత్తగారి పేరో?" యంటిని. అక్క మరికొంతసేపు ఊరకుండి, "అందరూ ఆవిడని దొడ్డమ్మ అనేవారే. పేరు మాత్రం ఎవరూ అనగా వినలేదమ్మాయ్" అన్నది.